సరుకు దాటించే కొత్తవాళ్ల కథ: చివరి ప్రయాణం ఎందుకు నమ్మేలా లేదు?

కొత్త_కలం

సరిహద్దు దాటే థ్రిల్లర్ స్క్రిప్టు, 108 పేజీలు. అక్కాతమ్ముళ్ల వర్క్‌షాపు తాకట్టులో ఉంది, గడువు నెల రోజులే. గడ్డకట్టిన నది మీదుగా కారులో మొదటి రెండుసార్లు ఇద్దరేసి మనుషుల్ని డిక్కీలో దాటిస్తారు. మూడోసారి 10 లక్షల డాలర్ల నగదు. ఆసారి చెక్‌పోస్టు గుండా వెళ్లబోయి, అక్కడ తేడా వచ్చి, నది మీదకు కారు తిప్పేస్తారు. ఐసు పగులుతుంది. తమ్ముడు సంచి భుజాన వేసుకుని పరుగెత్తుతాడు.

చదివినవాళ్ల ఫిర్యాదులు మూడు. మొదటి రెండు ప్రయాణాలూ ఒకేలా ఉన్నాయి. 60వ పేజీ దాటేసరికి వీళ్లు ఆరితేరిన ముఠాలా ప్రవర్తిస్తున్నారు. ఐసు సరిగ్గా కథకు అవసరమైనప్పుడే పగిలింది. ఎక్కడ మొదలుపెట్టి సరిచేయాలి?

లెక్కల_మనిషి

ముందు ఆ సంచి బరువు తేల్చండి. డాలరు నోటు ఏదైనా దాదాపు 1 గ్రాము. 10 లక్షల డాలర్లు 100 డాలర్ల నోట్లలో అయితే 10,000 నోట్లు, 10 కిలోలు. పెద్ద బ్యాక్‌ప్యాక్‌లో పట్టేస్తుంది, దానితో పరుగెత్తొచ్చు. అదే 20 డాలర్ల నోట్లలో అయితే 50,000 నోట్లు, 50 కిలోలు. విమానంలో ఒక పెట్టెకు మామూలుగా ఇచ్చే 23 కిలోల లెక్కన చూసినా రెండు పెట్టెల్లో పట్టదు. అలాంటిదాన్ని భుజాన వేసుకుని ఐసు మీద ఎవరూ పరుగెత్తలేరు.

నేనైతే 20 డాలర్ల నోట్లే పెడతాను. బరువు మోయడానికి ఇద్దరూ కావాలి కాబట్టి అక్కాతమ్ముళ్లు విడిపోలేరు. ఒకరు జారితే రెండోవాళ్లు సంచి వదలాలా, చెయ్యి వదలాలా అన్న ప్రశ్న డైలాగు లేకుండానే పుడుతుంది.

ఇంకోటి. డబ్బు ప్రయాణంలో కారు వెనక భాగం కుంగినట్టు చూపకండి, 50 కిలోలకు అది కనిపించదు. డిక్కీలో ఇద్దరు పెద్దవాళ్లు, అంటే 140 కిలోల దాకా ఉంటే, చిన్న కారు వెనక కుంగుతుంది, ముందు లైట్లు పైకి లేస్తాయి. ఎదురొచ్చే వాళ్ల కళ్లలో లైటు పడి, డిప్పర్ కొడతారు. మొదటి ప్రయాణంలో ఆ డిప్పర్లు చూసి ఇద్దరూ ‘మనల్ని గుర్తుపట్టేశారు’ అని హడలిపోవాలి. కారణం రెండో ప్రయాణానికి ముందు తమ్ముడికి తడుతుంది. వర్క్‌షాపు వాడు కదా, లైట్ల ఎత్తు తగ్గిస్తాడు. మొదటి దానికీ రెండో దానికీ తేడా అక్కడే వచ్చేసింది.

సీన్_కట్

చెక్‌పోస్టు గురించి. చాలా స్క్రిప్టుల్లో మొదటి కిటికీ దగ్గరే ఆఫీసర్ పది ప్రశ్నలు వేసి, కళ్లలోకి చూసి, డిక్కీ తెరిపిస్తాడు. వెనక వంద బండ్లు ఆగి ఉంటే ఎవరూ అలా చేయరు. మొదటి దశ సాధారణంగా నిమిషంలో తేలిపోతుంది: పత్రాలు, ఎక్కణ్నుంచి, ఎక్కడికి, బండి ఎవరిది, చెప్పాల్సిన సరుకేమైనా ఉందా. అనుమానం వస్తే బండిని పక్కకు పంపుతారు. అసలు సోదా రెండో దశలో, వేరే సిబ్బంది చేస్తారు. అక్కడ మనుషుల్ని విడదీసి ఒకే ప్రశ్న ఇద్దరినీ అడుగుతారు. కాబట్టి మొదటి కిటికీకి ఒక పేజీ, పక్క గదికి మూడు పేజీలు ఇవ్వండి.

కొత్తవాళ్లు అబద్ధం దగ్గర దొరకరు, అది బాగా వల్లె వేసుకుని వస్తారు. దొరికేది ఎవరూ వల్లె వేయని నిజం దగ్గర. ఇలా రాసి చూడండి:

ఆఫీసర్: బండి ఎవరిది?
తమ్ముడు: మా బావది.
అక్క: (అదే క్షణంలో) నాదే.

రెండూ నిజమే. కొన్నది బావ, కాగితాల్లో పేరు అక్కది. ఇక్కడ తమ్ముడు ఊరుకోకుండా బావ ఎందుకు రాలేదో, సర్వీసింగ్ ఎప్పుడు చేయించారో, ఎవరూ అడగనిదంతా చెప్పుకుంటూ పోవాలి. ఆఫీసర్ కసరడు, నవ్వడు. వైపర్ కింద చిన్న కాగితం పెట్టి పక్క లైను వైపు చెయ్యి చూపిస్తాడు, అంతే. ఆ కాగితం మీద ఏం రాసుందో లోపల కూర్చున్నవాళ్లకు కనబడదు. ఆఫీసర్‌ను తెలివితక్కువవాడిగానో రాక్షసుడిగానో చేస్తే సీను చచ్చిపోతుంది. తన పని తాను చేసుకుపోయే మనిషి చాలు.

నది_అవతల

‘ఫ్రోజెన్ రివర్’ (2008, దర్శకురాలు కోర్ట్నీ హంట్) స్క్రీన్‌ప్లే కోసమే ఒకసారి చూడండి. ఇద్దరు ఆడవాళ్లు, గడ్డకట్టిన సెయింట్ లారెన్స్ నది, డిక్కీలో మనుషులు. ఒక ప్రయాణంలో పాకిస్తానీ దంపతుల సంచిలో ప్రమాదకరమైనదేదో ఉందన్న భయంతో ఆ ఇద్దరిలో ఒకరైన రే దాన్ని ఐసు మీదే వదిలేస్తుంది. అందులో ఉన్నది వాళ్ల పసిబిడ్డ అని తర్వాతే తెలుస్తుంది. ఆ సంఘటనలో పోలీసు లేడు, ముఠా లేదు. భయంలో తీసుకున్న ఒక్క నిర్ణయం, దాన్ని సరిదిద్దుకోవడానికి మళ్లీ అదే ఐసు మీదకు వెనక్కి వెళ్లడం. మీ రెండో ప్రయాణానికి కావాల్సింది ఈ జాతి తప్పే, ఈ సంఘటన కాదు.

ఇక ఐసు. గట్టి పారదర్శకమైన ఐసైతే మనిషి నడవడానికి 10 సెంటీమీటర్లు, కారుకు 20 నుంచి 30 అంటారు. తెల్లగా, బుడగలతో ఉండే ఐసు బలం సుమారు సగమే, రెట్టింపు మందం కావాలి. నదిలో కింద ప్రవాహం ఉంటుంది కాబట్టి పది అడుగుల తేడాలో మందం మారిపోతుంది. మీకు పనికొచ్చేది మరొకటి: కారు కదులుతుంటే ఐసు కొద్దిగా వంగి, కింద నీటిలో అల పుడుతుంది. వేగంగా ఒడ్డుకు వస్తే ఆ అల ఒడ్డుకు తగిలి వెనక్కి మళ్లి, ఐసును కింది నుంచి పగలగొడుతుంది. అందుకే తెలిసినవాళ్లు ఒడ్డు దగ్గరపడే కొద్దీ నెమ్మదిస్తారు, కొత్తవాళ్లు ఒడ్డు కనిపించగానే యాక్సిలరేటర్ తొక్కుతారు. అలా రాస్తే ఐసు మీ అవసరానికి కాదు, వాళ్ల తొందరకు పగులుతుంది.

కొత్త_కలం

అల సంగతి అద్భుతం. కానీ మూడోసారికి వాళ్లకు నది తెలిసిపోయి ఉంటుంది కదా, అదే తప్పు ఎలా చేస్తారు?

నది_అవతల

అదే తప్పు చేయనివ్వకండి. మొదటి ప్రయాణంలో దారి చూపేవాడు కిటికీలు దించమంటాడు, సీటు బెల్టులు తీయమంటాడు, ఒడ్డు దగ్గర నెమ్మదించమంటాడు. కారు మునిగితే బయటపడటానికి కిటికీలూ బెల్టులూ, అల కోసం నెమ్మది. కానీ ఎందుకో చెప్పడు. ఇద్దరూ చలికి వణుకుతూ పాటిస్తారు. రెండోసారి డిక్కీలో ఉన్నవాళ్లు గడ్డకడతారని అక్క కిటికీలు ఎత్తేస్తుంది, ఏమీ కాదు. మూడోసారి వెనక తరుముకొస్తున్నారు. కారణం తెలియని నియమాలు వాళ్ల దృష్టిలో ఎప్పుడో రద్దయిపోయాయి. కిటికీలు మూసి, బెల్టులు పెట్టుకుని, ఒడ్డు వైపు గంటకు 70 మీద పోతారు. ప్రేక్షకుడికి కారణం ముందే తెలియాలి కాబట్టి, 50వ పేజీ ప్రాంతంలో వేరే ఎవరిదో కారు ఒడ్డుకు కొద్ది గజాల దూరంలో దిగబడి ఉన్నట్టు, దాన్ని లాగుతున్నవాళ్లు వేగం గురించి మాట్లాడుకున్నట్టు అర పేజీ రాయండి. ఆ సీనులో అక్కాతమ్ముళ్లు ఉండకూడదు.

లెక్కల_మనిషి

అక్కడే ఆ 50 కిలోలు వెనక సీట్లో పెట్టండి, డిక్కీలో వద్దు. మునుగుతున్న కారులో డిక్కీ దాకా వెళ్లడం ఎవరివల్లా కాదు, వెనక సీటైతే చెయ్యి అందుతుంది. అందుతుంది కాబట్టే తమ్ముడు బయటికి రావడం ఆలస్యం చేస్తాడు.