పరిశోధన గురించి రైతుకు చెప్పాల్సింది శాస్త్రవేత్తేనా?

చెనక్కాయల చేను (అనంతపురం):
మొన్న మా మండలంలో రైతు సదస్సు. వేరుశనగ కాండం కుళ్లు వైరస్ తెగులుపై ఒక శాస్త్రవేత్త నలభై నిమిషాలు మాట్లాడారు. తెర మీద అన్నీ ఇంగ్లీషు పట్టికలే. నా పక్కనున్న పెద్దాయన కునుకుతీసి, భోజనాల వేళకు లేచారు. 2000 ఖరీఫ్‌లో ఈ తెగులే ఉమ్మడి అనంతపురంలో రెండు లక్షల హెక్టార్లకు పైగా పంటను దెబ్బతీసింది. అది కళ్లారా చూసిన మనిషికే నిద్ర వచ్చిందంటే తప్పెవరిది? జనానికి అర్థమయ్యేలా మాట్లాడటం శాస్త్రవేత్తలకు నేర్పాల్సిందే.

కొండారెడ్డి బురుజు (కర్నూలు):
ఒప్పుకోను. ఎవరి పని వారిది. వైరస్‌ను పట్టుకున్నవారికి మాటకారితనం కూడా ఉండాలంటే ఎలా? చెప్పడానికి వ్యవసాయ సహాయకులున్నారు, రేడియో ఉంది, పత్రికలున్నాయి.

గడపవాసి (కడప):
బురుజు గారూ, మధ్యవర్తి చేతిలో మాట అరుగుతుంది. మా ఊరి గోడ మీద ‘వయ్యారిభామ కలుపును పీకేయండి’ అని రాశారు. మా చిన్నాన్న పీకారు, నిండుగా పూసిన తర్వాత! పీకి గట్టు మీదే కుప్ప వేశారు. అసలు సంగతేమిటంటే, ఆ మొక్కలో వైరస్ ఉన్నా జబ్బు లక్షణం కనబడదు. దాని పుప్పొడి వేరుశనగ ఆకు మీద పడుతుంది. తామర పురుగు ఆకును గీకినప్పుడు ఆ గాయంలోంచి వైరస్ లోపలికి పోతుంది. కాబట్టి పూతకు ముందే పీకాలి. గోడ మీద ఎగిరిపోయింది ఆ ఒక్క ముక్కే.

కొండారెడ్డి బురుజు:
అయితే ఆ రాత గోడెక్కే ముందు శాస్త్రవేత్తకు చూపిస్తే సరిపోయేది. అందుకోసం ఆయన్ను వేదిక ఎక్కించడం దేనికి?

చెనక్కాయల చేను:
కోపంలో ఒకటి రాయలేదు. భోజనాలయ్యాక అదే శాస్త్రవేత్త బయట చెట్టు కింద కూర్చున్నారు. ఎవరో వయ్యారిభామ కొమ్మ తెచ్చిస్తే, శాస్త్రవేత్త పెద్దాయన నల్ల గొడుగు విప్పించి దాని మీద పూలు దులిపారు. గుడ్డ మీద సన్నటి తెల్లపొడి. “మీ చేనికి వచ్చేది ఇదే” అన్నారు. అంతే, నలభై నిమిషాలు నిద్రపోయిన పెద్దాయన ప్రశ్నల మీద ప్రశ్నలు. చేను చుట్టూ జొన్న సాళ్లు వేస్తే గాలికి కొట్టుకొచ్చే పురుగుకు అడ్డు పడుతుందన్న విషయం కూడా అక్కడే తేలింది. బురుజు గారూ, ఆ గొడుగు ఏ కరపత్రంలో పడుతుంది?

చివరికి పెద్దాయన అడిగారు: “నా చేనులో నేను పీకుతాను సార్. రోడ్డు పక్కన, బీడులో ఉన్నది ఎవరు పీకాలి?”

శాస్త్రవేత్త మా సర్పంచి కోసం చూశారు. సర్పంచి భోజనం కాగానే వెళ్లిపోయారు.