బ్యాష్ హిస్టరీని కమాండు కమాండుకూ ఫైలులో రాయించడం మంచిదా, కాదా?

మిల్లువీధి (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. టెర్మినల్‌లో మనం కొట్టే కమాండ్లను, వాటిని నడిపించే షెల్ ప్రోగ్రాము అయిన బ్యాష్ తన మెమరీలో ఉంచుకొని, సెషన్ ముగిసేటప్పుడు మాత్రమే హోమ్ డైరెక్టరీలోని హిస్టరీ ఫైలులో రాస్తుంది. ఎగ్జిట్ కొట్టినా, విండో మూసినా రాస్తుంది. కరెంటు పోతే రాయదు.

2018 అక్టోబరు 10వ తేదీ రాత్రి, తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటడానికి కొద్ది గంటల ముందు, ఇక్కడి ఒక బియ్యం మిల్లు లెక్కల సర్వరులోని ఫైళ్లను బయటి డిస్కుకు ఎక్కిస్తూ కూర్చున్నాను. ఫైళ్లను కాపీ చేసే ఆర్‌సింక్ కమాండును అయిదుసార్లు మార్చి మార్చి కొట్టాను. పరీక్ష కోసం ఒకసారి హమాలీల కూలి లెక్కల ఫోల్డరును మినహాయించాను. ఆ మినహాయింపును తరువాత తీసేశానో లేదో ఈరోజుకూ నాకు గుర్తు లేదు. ఆరోసారి కొట్టింది నడుస్తుండగా కరెంటు పోయింది, కాసేపటికి యూపీఎస్ కూడా ఆగిపోయింది. చాలా రోజుల తరువాత మా వీధికి కరెంటు వచ్చి, యంత్రం ఆన్ చేసి, పాత కమాండ్లను ఒక్కొక్కటిగా చూపించే పై బాణం నొక్కితే, ఆ సాయంత్రం కొట్టిన కమాండ్లలో ఒక్కటీ లేదు. ఏ కాపీ పూర్తిదో తేలేదాకా లెక్కలు తెరవవద్దని యజమాని అన్నారు. రెండు డిస్కులనూ ఫోల్డరుకు ఫోల్డరు పోల్చి చూసుకోవడానికి రెండు రోజులు పట్టింది; ఆ రెండు రోజులూ హమాలీలు కూలి కోసం గుమ్మం ముందు నిలబడ్డారు.

అందువల్ల ప్రాంప్ట్ కమాండ్ అనే వేరియబుల్‌లో ‘హిస్టరీ డ్యాష్ ఏ’ అని పెట్టుకొని, ప్రతి ప్రాంప్టుకు (తరువాతి కమాండు కోసం షెల్ చూపించే గుర్తుకు) ముందూ కొత్త పంక్తులు ఫైలులో చేరేటట్లు చూసుకోవడం ప్రతి సర్వరులోనూ తప్పనిసరి అని నా అభిప్రాయం. పరిమాణం కూడా పెంచుకోవాలి. బ్యాష్ స్వంత డిఫాల్టు 500 కమాండ్లు మాత్రమే. ఉబుంటు లినక్స్ దానిని మెమరీలో 1000, ఫైలులో 2000గా పెట్టి ఇస్తుంది. 4.3 వెర్షన్ నుంచి ఆ సంఖ్య స్థానంలో మైనస్ ఒకటి పెడితే పరిమితే ఉండదు. ఇందులో ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి.

రెండోషిఫ్టు (బరంపురం)

నాకు అభ్యంతరం ఉంది అన్నగారూ. సర్వరులో కొట్టినదంతా శాశ్వతంగా నిలవడం మేలని మీరు ముందే నిర్ణయించుకున్నారు. డేటాబేసు తెరిచే మై ఎస్‌క్యూఎల్ కమాండులో పాస్‌వర్డును పక్కనే అంటించి కొట్టే అలవాటు ఎంతమందికి ఉందో మీకు తెలియనిది కాదు. అలా కొట్టిన పాస్‌వర్డు ఆ ఫైలులో ఏళ్ల తరబడి పడి ఉంటుంది. ఫైలును బ్యాకప్ చేసిన ప్రతిచోటికీ వెళుతుంది. నా యంత్రంలో, హిస్టరీ ఏ ఫైలులో రాయాలో చెప్పే హిస్ట్‌ఫైల్ వేరియబుల్‌ను అన్‌సెట్ చేసి పెట్టుకున్నాను. సెషన్ మూస్తే ఏమీ మిగలదు, నాకు ఏ లోటూ లేదు.

మిల్లువీధి (పర్లాకిమిడి)

తమ్ముడూ, దానికి మార్గం ఎప్పటినుంచో ఉంది. కమాండుకు ముందు ఒక ఖాళీ వదిలితే అది హిస్టరీలోకే రాదు. పాస్‌వర్డు ఉన్న ఒక్క పంక్తి కోసం మిగిలినవన్నీ వదులుకోవడం దేనికి?

జయపురం మాస్టారు

ఖాళీ వదిలితే చాలన్న మాట అన్నిచోట్లా నిజం కాదు. హిస్టరీలో ఏవి చేరకూడదో చెప్పే హిస్ట్‌కంట్రోల్ వేరియబుల్‌లో ‘ఇగ్నోర్‌స్పేస్’ గాని ‘ఇగ్నోర్‌బోత్’ గాని ఉంటేనే ఆ సౌకర్యం పనిచేస్తుంది. ఉబుంటు, డెబియన్ ఇచ్చే బ్యాష్‌ఆర్‌సీలో (బ్యాష్ మొదలయ్యేటప్పుడు చదివే సెట్టింగుల ఫైలులో) అది ఉంటుంది కనుక మనం దానిని బ్యాష్ స్వభావం అనుకుంటాము. అది లేని యంత్రంలో మీరు ఎన్ని ఖాళీలు వదిలినా పాస్‌వర్డు ఫైలులోకి వెళుతుంది. మా విద్యార్థులు ఇద్దరు ఇలాగే పొరపాటు పడ్డారు.

రెండో సంగతి. ప్రాంప్ట్ కమాండ్‌లో పెట్టినది తరువాతి ప్రాంప్టు వచ్చేటప్పుడే నడుస్తుంది. అంటే నడుస్తూ ఉన్న కమాండు ఇంకా ఫైలులో చేరి ఉండదు. మీ ఆరో ఆర్‌సింక్ నడుస్తుండగా కరెంటు పోయిందని మీరే రాశారు. మీరు చెబుతున్న మందు ఆ రాత్రి వాడి ఉన్నా ఆ పంక్తి మీకు దక్కేది కాదు.

మిల్లువీధి (పర్లాకిమిడి)

మాస్టారూ, ముందరి అయిదూ దక్కేవి కదా. అయిదో దానిలో మినహాయింపు ఉందో లేదో తెలిస్తే ఆరోదానిలో ఏం మార్చానో నాకు జ్ఞాపకం వచ్చేది.

జయపురం మాస్టారు

జ్ఞాపకం వచ్చేదని మీరు అనుకుంటున్నారు. మీకు కావలసింది ఆరోది. ఈ మందు ఆరోదానికి పనిచేయదు.

స్టేషన్‌రోడ్డు (రాయగడ)

బ్యాష్‌కు బదులు వాడే జెడ్ షెల్‌లో ‘ఇంక్ అపెండ్ హిస్టరీ’ అనే ఆప్షన్ పెడితే ఎంటర్ నొక్కగానే రాస్తుంది, కమాండు పూర్తయ్యేదాకా ఆగదు. ఆ ఆరో పంక్తి కూడా దక్కేది.

మిల్లువీధి (పర్లాకిమిడి)

సర్వరులో షెల్ మార్చే అధికారం నాకు లేదు.

వంశధార (గుణుపురం)

ఇలాంటిదే పెట్టుకొని నేను దెబ్బతిన్నాను. ఒక విండోలో కొట్టినది మరొక విండోలో పై బాణానికి వచ్చింది. చూడకుండా ఎంటర్ నొక్కాను. పాత కెర్నల్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగాన్ని) పరీక్షించే యంత్రం కోసం కొట్టిన రీబూట్, పదిమంది పనిచేస్తున్న యంత్రంలో నడిచింది.

జయపురం మాస్టారు

అది ‘డ్యాష్ ఎన్’ పని. ‘డ్యాష్ ఏ’ ఫైలులోకి రాస్తుంది, అంతే. ఇతర సెషన్లు రాసినవాటిని మీ మెమరీలోకి లాక్కువచ్చేది ‘డ్యాష్ ఎన్’. రెండు యంత్రాలకూ ఒకటే హోమ్ డైరెక్టరీ ఉంటే ఫైలూ ఒకటే అవుతుంది. చాలామంది ఎక్కడో చూసి ఈ రెండింటినీ కలిపి అతికిస్తారు, తరువాత హిస్టరీని తిడతారు. దయచేసి వేరుగా మాట్లాడండి.

రెండోషిఫ్టు (బరంపురం)

నేను అన్నదానికి ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పలేదు. ఏ, ఎన్ అక్షరాల గురించి నేను అడగలేదు. ప్రతి సర్వరులోనూ తప్పనిసరి అన్నారు. తప్పనిసరి చేయడానికి మీరు ఎవరు అని అడుగుతున్నాను.

మిల్లువీధి (పర్లాకిమిడి)

సర్వరు బాధ్యత మోసేవాడిని. తుపాను రాత్రి అక్కడ కూర్చున్నవాడిని. కొట్టిన కమాండు నిలిచి ఉంటుందంటే మీకు అంత ఇబ్బంది ఎందుకో నాకు అర్థం కావడం లేదు. తప్పు చేయనివాడికి భయం దేనికి?

రెండోషిఫ్టు (బరంపురం)

తమ్ముడూ అని పిలిచి ఈ మాట అన్నారు. అయితే వినండి.

నేను పనిచేసిన ఒక సంస్థలో మూడు షిఫ్టులకూ కలిపి ఒకటే లాగిన్ ఉండేది. ఒక ఉదయం తొమ్మిది గంటల అయిదు నిమిషాలకు నేను డ్యూటీకి వచ్చి టెర్మినల్ తెరిచాను. మధ్యాహ్నానికి, స్కాన్ చేసిన బిల్లుల ఫోల్డరు మాయమైందని తేలింది. పైవారు ఒక టెక్నీషియనును వెంటబెట్టుకొని వచ్చి, నా కుర్చీలో కూర్చొని, తెరిచి ఉన్న నా టెర్మినల్‌లోనే హిస్టరీకి సమయం చూపించే హిస్ట్‌టైమ్‌ఫార్మాట్ వేరియబుల్‌ను అప్పటికప్పుడు పెట్టి, పంక్తులను వెతికే గ్రెప్‌తో, ఫైళ్లను తుడిచే ‘ఆర్ఎమ్’ కమాండు ఉన్న పంక్తిని వెతికారు. ఫోల్డరును తుడిచిన పంక్తి వచ్చింది. దాని పక్కన 9:05 అని ఉంది.

నేను ఆ కమాండు కొట్టలేదు. అంతకుముందు ఆ వేరియబుల్ పెట్టి లేదు కనుక ఫైలులో ఏ పంక్తికీ సమయం లేదు. సమయం లేని పాత పంక్తులన్నింటికీ, ఫైలును మెమరీలోకి చదివిన క్షణాన్నే బ్యాష్ అంటగడుతుంది. నేను టెర్మినల్ తెరిచిన క్షణం 9:05. గ్రెప్ లేకుండా చూసి ఉంటే, నెల కిందటి పంక్తుల పక్కన కూడా 9:05 అనే ఉండేది. ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు, ఆ టెక్నీషియనుకూ తెలియదు. ఆ నెల జీతంలో కోత పడింది. కారణం నేను తెలుసుకొని చెప్పేనాటికి వినేవారు లేరు. భయం దేనికి అని మీరు అడిగారు.

స్టేషన్‌రోడ్డు (రాయగడ)

ఇప్పుడే నా యంత్రంలో పరీక్షించి చూశాను. అన్ని పాత పంక్తులకూ ఒకటే సమయం వచ్చింది.

జయపురం మాస్టారు

రెండోషిఫ్టు గారు చెప్పినది అక్షరాలా నిజం. ఆ వేరియబుల్ పెట్టి ఉన్నప్పుడు రాసిన కమాండ్లకు మాత్రమే ఫైలులో హ్యాష్ గుర్తుతో మొదలయ్యే పంక్తి ఒకటి చేరుతుంది. అందులో 1970 జనవరి 1 నుంచి లెక్కించిన సెకన్ల సంఖ్య ఉంటుంది. ఆ పంక్తి లేనిదానికి చూపించే సమయం సాక్ష్యం కాదు. అసలు హిస్టరీ ఫైలే సాక్ష్యం కాదు. అది వాడుకరి స్వంత ఫైలు, ఏ ఎడిటరుతోనైనా ఒక పంక్తిని తీసేయవచ్చు, ఒక పంక్తిని చేర్చవచ్చు. ఎవరు ఏం నడిపారో నిఘా పెట్టవలసిన అవసరం ఉన్నచోట కెర్నల్ ఆడిట్ ఉంది, రూట్ (సర్వాధికారి ఖాతా) అధీనంలో దాని లాగ్ వేరుగా ఉంటుంది. పై బాణం సౌకర్యం కోసం పుట్టిన ఫైలును విచారణకు వాడడమే అక్కడ జరిగిన తప్పు.

మిల్లువీధి (పర్లాకిమిడి)

భయం గురించి నేను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. అది అనవలసిన మాట కాదు.

అయితే మన మధ్య ఉన్న తేడా ‘డ్యాష్ ఏ’ గురించి కాదని ఇప్పుడు నాకు తెలుస్తున్నది, కనుక దాచకుండా చెబుతాను. మిల్లులో కూడా ముగ్గురికి ఒకటే లాగిన్. నెలకొకసారి యజమాని హిస్టరీ చూపించమంటారు, నేను తెరిచి చూపిస్తాను. ఏ పని జరిగిందో తెలుసుకొనే హక్కు ఆయనకు ఉందని నమ్ముతాను, ఎందుకంటే ఆ లెక్కల్లో పొరపాటు జరిగితే హమాలీల కూలి ఆగిపోతుంది. నేను చూశాను. మీరు పోగొట్టుకున్నది నెల జీతంలో కోత. ఆ గుమ్మం ముందు నిలబడినవారిది పూర్తిగా రోజుకూలి.

రెండోషిఫ్టు (బరంపురం)

హమాలీల కూలికీ, నా కోతకూ పోటీ పెట్టవద్దు అన్నగారూ. అటూ ఇటూ ఉన్నది చెమటోడ్చేవారే. నేను అడిగేది ఒక్కటే: మీరు నెలకొకసారి యజమానికి చూపిస్తున్న సంగతి ఆ ముగ్గురికీ తెలుసా?

మిల్లువీధి (పర్లాకిమిడి)

తెలియదు.

రేపు చెబుతాను. చూపించడం మాత్రం మానను. ఆ విషయంలో మీతో ఏకీభవించలేను.

వంశధార (గుణుపురం)

ముగ్గురికీ మూడు లాగిన్లు పెట్టడానికి పది నిమిషాలు పట్టదు కదా. హిస్టరీ ఫైళ్లు వాటంతట అవే వేరవుతాయి.

రెండోషిఫ్టు (బరంపురం)

ఆ పని ముందు చేసి, ఆ తరువాత వారికి చెప్పండి. హిస్ట్‌టైమ్‌ఫార్మాట్‌ను ముగ్గురి బ్యాష్‌ఆర్‌సీలలోనూ మొదటి రోజునే పెట్టండి. పాత ఉమ్మడి ఫైలును కొత్త లాగిన్లలోకి కాపీ చేయవద్దు, విడిగా దాచండి. అందులోని పంక్తుల పక్కన కనిపించే సమయాన్ని నమ్మకూడదని యజమానికి కాగితం మీద రాసి, సంతకం చేసి ఇవ్వండి. మీరు ఆ కాగితం ఇస్తే, ‘డ్యాష్ ఏ’ గురించి నాకు అభ్యంతరం లేదు.

మిల్లువీధి (పర్లాకిమిడి)

కాగితం ఇస్తాను. తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి రాస్తాను. ఆ ముగ్గురిలో ఒకరికి తెలుగు చదవడం రాదు.