రాకబిల్లీకి, హాట్ రాడ్‌కి ముడి నిజంగా 1950లలోనే పడిందా?

డబుల్‌స్లాప్

అమెరికాలో పాతకాలపు హాట్ రాడ్ (వేగం కోసం ఇంట్లో మార్చి కట్టుకున్న పాత కారు) షో ఎక్కడ జరిగినా వేదిక మీద రాకబిల్లీ (కంట్రీ, బ్లూస్ కలిసిన తొలినాటి రాక్) ట్రియో ఉంటుంది. రాకబిల్లీ ఆల్బమ్ అట్ట మీదేమో ఫెండర్లు (చక్రాల మీది రేకులు) పీకేసిన ఫోర్డ్ కూపే ఉంటుంది. కానీ తేదీలు, ఊళ్లు పక్కపక్కన పెట్టి చూస్తే లెక్క కుదరడం లేదు. రాకబిల్లీ మెంఫిస్‌లో, 1954లో పుట్టింది. హాట్ రాడ్లు దక్షిణ కాలిఫోర్నియా ఎండు సరస్సుల మీద అంతకు చాలా ముందే పరుగెత్తాయి.

నా ప్రశ్నలు మూడు. ఈ ముడి అప్పటిదేనా, తర్వాత ఎవరైనా వేశారా? ఫ్యాషన్ సంగతి పక్కన పెడితే, ఒకదాన్నుంచి ఒకటి నిజంగా తీసుకున్నది ఏమిటి? చివరిది పూర్తిగా ప్రాక్టికల్: కార్ల షోలో ఆరుబయట వాయించేటప్పుడు దగ్గర్లో నాలుగు V8లు (ఎనిమిది సిలిండర్ల ఇంజన్లు) ఐడిల్‌లో, అంటే బండి కదలకుండా తిరుగుతూ, ఉంటే డబుల్ బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద బేస్ వాద్యం) అసలు వినిపించదు. వాల్యూమ్ పెంచితే ఫీడ్‌బ్యాక్, స్పీకర్ కూత. దీనికి మందేమిటి?

ఎండుసరస్సు32

చరిత్ర వరకు నేను చెబుతాను. మీ అనుమానం చాలావరకు నిజమే.

హాట్ రాడర్ల అభిమాన ఇంజన్ ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ (వాల్వులు బ్లాకులోనే ఉండేది) V8 1932లో వచ్చింది: 221 క్యూబిక్ అంగుళాలు, 65 హార్స్‌పవర్. మురాక్, ఎల్ మిరాజ్ ఎండు సరస్సుల్లో పోటీలు నడిపిన సంఘం ఎస్‌సీటీఏ 1937లో ఏర్పడింది. ‘హాట్ రాడ్’ పత్రిక తొలి సంచిక 1948 జనవరిది. బానవిల్ ఉప్పు మైదానంలో మొదటి స్పీడ్ వీక్ 1949లో జరిగింది. ఎల్విస్, గిటారిస్టు స్కాటీ మూర్, బేస్ వాయించే బిల్ బ్లాక్ మెంఫిస్‌లో సామ్ ఫిలిప్స్ నడిపే సన్ స్టూడియోలో తొలి పాట రికార్డు చేసింది 1954 జూలై 5న. అంటే హాట్ రాడ్లకు సొంత సంఘాలు, పత్రికలు, పోటీ నియమాలు అన్నీ ఏర్పడ్డాక గానీ రాకబిల్లీ పుట్టలేదు.

అయితే కారు పాట మాత్రం రాకబిల్లీ కంటే ముందే ఉంది. ఆర్కీ షిబ్లీ ‘హాట్ రాడ్ రేస్’ 1950లో వచ్చింది, అది హిల్‌బిల్లీ బూగీ (బూగీ లయలో కంట్రీ పాట). 1951లో జాకీ బ్రెన్‌స్టన్ పేరు మీద వచ్చిన ‘రాకెట్ 88’ రికార్డయింది సామ్ ఫిలిప్స్ స్టూడియోలోనే. కాకపోతే అది రిథమ్ అండ్ బ్లూస్. అందులో ఉన్నదీ ఇంట్లో కట్టిన కారు కాదు, 303 క్యూబిక్ అంగుళాల రాకెట్ V8తో షోరూమ్ నుంచి వచ్చిన ఓల్డ్స్‌మొబైల్. అదే పాటను అదే ఏడాది బిల్ హేలీ తన కంట్రీ బ్యాండ్‌తో పాడాడు. నల్లవారి బూగీ, తెల్లవారి హిల్‌బిల్లీ కలిసిన తొలి చోట్లలో ఒకటి ఒక కారు పాట అన్నమాట. నా లెక్కలో ఈ మొత్తం కథలో అతి ముఖ్యమైన సంగతి ఇదే. షిబ్లీ పాటకు జవాబుగా చార్లీ రయన్ ‘హాట్ రాడ్ లింకన్’ 1955లో వచ్చింది. మోడల్ A బాడీ కింద V12 లింకన్ ఇంజన్ పెట్టిన ఆ బండిని రయన్ నిజంగానే కట్టుకున్నాడు.

1960ల మొదట్లో ‘హాట్ రాడ్ మ్యూజిక్’ అని అమ్ముడుపోయింది సర్ఫ్ సంగీతం. బీచ్ బాయ్స్ ‘409’ 1962లో, ‘లిటిల్ డ్యూస్ కూప్’ 1963లో వచ్చాయి. రాకబిల్లీ అప్పటికే చల్లబడిపోయింది. ఈ రెండింటినీ కలగలిపే వ్యాసాలు చాలా కనిపిస్తాయి, జాగ్రత్త.

ఇప్పుడు మనం చూసే జోడీ, రాకబిల్లీని తిరిగి లేపిన స్ట్రే క్యాట్స్ బ్యాండ్ కాలం నాటిది. 1979లో లాంగ్ ఐలండ్‌లో మొదలై, 1980లో లండన్ వెళ్లి పేరు తెచ్చుకున్నారు. పాటల్లో, బట్టల్లో, ఆల్బమ్ అట్టల్లో పాత కార్లను రాకబిల్లీ పక్కన నిలబెట్టింది ఆ తరమే. 1998లో లాస్ వేగస్‌లో మొదలైన వివా లాస్ వేగస్ అనే రాకబిల్లీ వీకెండ్‌తో అది స్థిరపడింది. కాబట్టి నా మాట: 1950లలో ఇవి ఒకే రేడియో విన్న ఇరుగుపొరుగు. బంధుత్వం కలిపింది 1980లు.

అల్యూమినియంపోత

పాటల పేర్లు చూస్తే ఎండుసరస్సు గారు చెప్పింది సరే. కానీ వర్క్‌షాపుల్లోకి తొంగిచూస్తే ముడి 1950లలోనే, కొన్నిచోట్ల అంతకుముందే కనిపిస్తుంది.

పాల్ బిగ్స్‌బీని తీసుకోండి. లాస్ ఏంజిలెస్‌లో క్రాకర్ మోటార్‌సైకిళ్లకు పనిచేసిన ప్యాటర్న్ మేకర్, మెషినిస్టు. 1948లో కంట్రీ గిటారిస్టు మెర్ల్ ట్రావిస్‌కి సాలిడ్ బాడీ గిటార్ చేసిచ్చాడు, ఆ తర్వాత వైబ్రాటో (తీగల శ్రుతిని ఊపే పిడి) తయారుచేశాడు. బిగ్స్‌బీ వైబ్రాటో ఇసుక అచ్చులో పోసి, మెషిన్ చేసి, పాలిష్ పెట్టిన అల్యూమినియం. అదే కాలంలో అదే నగరంలో ఎడెల్‌బ్రాక్, ఆఫెన్‌హౌసర్ కంపెనీలు ఫ్లాట్‌హెడ్‌కి సిలిండర్ హెడ్లు, మ్యానిఫోల్డులు చేసింది కూడా ఆ పద్ధతిలోనే. రాకబిల్లీ గిటార్ మీద మెరిసే ఆ లోహం హాట్ రాడ్‌ను ‘పోలినది’ కాదు, ఆ పనితనమే.

రెండోది రాకబిల్లీ గాయకుడు ఎడ్డీ కాక్రన్ గిటార్. బెల్ గార్డెన్స్, కాలిఫోర్నియా కుర్రాడు. తన గ్రెట్ష్ 6120లో మెడ వైపున్న డైనాసోనిక్ పికప్ (తీగల కదలికను విద్యుత్ సిగ్నల్‌గా మార్చేది) పీకేసి గిబ్సన్ P-90 పెట్టించాడు. ఫోర్డ్ బాడీలో మెర్క్యురీ ఇంజన్ దింపడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే: ఒక కంపెనీ పెట్టెలో ఇంకో కంపెనీ బలం.

మూడోది రంగు. ఫెండర్ గిటార్ కంపెనీ కస్టమ్ కలర్లు డ్యూపాంట్ వాళ్ల డ్యూకో, లూసైట్ కారు పెయింట్లే. ఫియెస్టా రెడ్ 1956 థండర్‌బర్డ్‌ది, సర్ఫ్ గ్రీన్ 1957 షెవ్రొలేది, లేక్ ప్లాసిడ్ బ్లూ 1958 క్యాడిలాక్‌ది. గ్రెట్ష్ వాళ్లు అయితే ‘క్యాడిలాక్ గ్రీన్’ అని పేరే పెట్టేశారు.

ఈ బాకీ వెనక్కి కూడా తీరింది. స్ట్రే క్యాట్స్ గిటారిస్టు బ్రయన్ సెట్జర్ పేరుతో గ్రెట్ష్ చేసిన ‘హాట్ రాడ్’ మోడల్‌లో టోన్ కంట్రోళ్లు లేవు. ఒక వాల్యూమ్, ఒక పికప్ స్విచ్, అంతే. బరువు తగ్గించడానికి హాట్ రాడ్ కట్టేవాళ్లు ఫెండర్లు తీసేసినట్టే ఇదీ. అలంకారానికి తీసింది అనుకోకండి, పనిచేస్తుంది. టోన్ పాట్ (తిప్పే కంట్రోల్) పికప్ మీద వేసే లోడు పోయేసరికి పై ఫ్రీక్వెన్సీలు కాస్త తెరుచుకుంటాయి.

మీ హాలో బాడీ (లోపల బోలుగా ఉండే) గిటార్‌కి ఇలా చేయాలనుకుంటే, పాట్లు ఊడదీసే ముందే ప్రతి షాఫ్ట్‌కీ ఒక గట్టి దారం కట్టండి. వైరింగ్ అంతా f-హోల్ (ముందు పలకలోని f ఆకారపు రంధ్రం) గుండా బయటికి లాగినా దారాలు రంధ్రాల్లోనే ఉంటాయి, తిరిగి లాగితే పాట్ తన చోటికే వచ్చి కూర్చుంటుంది. దారం మర్చిపోతే ఆ చిన్న పని ఒక పూట మింగేస్తుంది. చాలామంది వదిలేసే ఇంకో పని: టెయిల్‌పీస్‌కి (తీగల చివరలు పట్టే లోహపు ముక్క) వెళ్లే గ్రౌండ్ వైర్ తిరిగి కలపడం. అది తెగితే తీగల మీద చెయ్యి పెట్టినా బుర్రుమనడం ఆగదు.

డబుల్‌స్లాప్

చాలా బాగా చెప్పారు. గిటార్ మీద పిన్‌స్ట్రైపింగ్ (బ్రష్‌తో వేసే సన్నని అలంకార గీతలు) వేయిద్దామనుకుంటున్నాను, కార్ల మీద వేసే ఎనామెల్‌తోనే. పాత నైట్రో (నైట్రోసెల్యులోజ్ లక్క) ఫినిష్ మీద పట్టుకుంటుందా?

అల్యూమినియంపోత

పట్టుకుంటుంది. గొడవ ఆ పైన మొదలవుతుంది. వన్ షాట్ లాంటి లెటరింగ్ ఎనామెల్ నైట్రో మీద బాగానే కూర్చుంటుంది. దాని మీద మళ్లీ నైట్రో క్లియర్ (రంగులేని పై పూత) తడిగా కొడితే థిన్నర్ కిందికి దిగి ఎనామెల్‌ని ఉబ్బించి ముడతలు పెడుతుంది. గీత మొత్తం లేచిపోతుంది.

ముందు సిలికాన్ పాలిష్, మైనం ఆనవాళ్లు లేకుండా తుడవండి. నాఫ్తా సరిపోతుంది, నైట్రోకి హాని చేయదు. సిలికాన్ మిగిలితే గీత మధ్యలో చేప కళ్లలా గుంటలు పడతాయి. కత్తి ఆకారపు స్ట్రైపింగ్ బ్రష్, 00 సైజు, రంగులో ముంచి ఒక కార్డు మీద రెండు మూడు సార్లు లాగి వెంట్రుకలన్నీ సమంగా తడిశాకే గిటార్ మీదికి వెళ్లండి. బ్రష్ ఎక్కువ నిలబెడితే గీత సన్నగా, పడుకోబెడితే మందంగా వస్తుంది. నా సలహా, పైన క్లియర్ వేయకుండా వదిలేయండి. 1950లలో పిన్‌స్ట్రైపింగ్‌కి పేరుమోసిన వాన్ డచ్ కాలం నుంచీ చాలా కార్ల మీద అలాగే వదిలేశారు. గీత ఎప్పుడైనా నచ్చకపోతే తీసి మళ్లీ వేసుకునే వీలుంటుంది.

గట్‌తీగ

మూడో ప్రశ్నకు నా జవాబు. బేస్ వినిపించకపోవడానికి కారణం సౌండ్ మనిషి బద్ధకం కాదు, లెక్క అలా ఉంది.

నాలుగు స్ట్రోకుల V8 ఒక్కో చుట్టుకు నాలుగుసార్లు ఫైర్ అవుతుంది. డబుల్ బేస్ ఖాళీ E తీగ 41.2 హెర్ట్జ్. 41.2ని 60తో గుణించి 4తో భాగిస్తే నిమిషానికి 618 చుట్లు. ఖాళీ A, 55 హెర్ట్జ్, 825 చుట్లు. అంటే ఐడిల్‌లో ఉన్న V8 సరిగ్గా మీ కింది రెండు తీగల మీద కూర్చుంటుంది. ఒకటికి నాలుగు ఇంజన్లు, తలా ఒక వేగంలో. అక్కడ వాల్యూమ్‌తో పోటీపడి గెలవలేరు.

కాబట్టి ఆ చోటు వాటికే వదిలేయండి. 50 హెర్ట్జ్ కిందిదంతా హై-పాస్ ఫిల్టర్‌తో కోసేయండి. 80 నుంచి 125 మధ్య కొద్దిగా లేపండి. E తీగ రెండో, మూడో హార్మోనిక్‌లు, అంటే అసలు స్వరానికి రెండు, మూడు రెట్లు (82, 124) అక్కడే ఉంటాయి, అవి వినబడితే చెవి అసలు స్వరాన్ని తానే పూరించుకుంటుంది. ఫీడ్‌బ్యాక్ కూడా సగం తగ్గుతుంది. మిగిలినదానికి: ఏ స్వరం దగ్గర కూత పెడుతుందో వెతికి అక్కడొక సన్నని నాచ్ (ఆ ఫ్రీక్వెన్సీ ఒక్కటే కోసే ఫిల్టర్), f-హోల్స్‌లో నురుగు ముక్కలు, బేస్ ముందు భాగం స్పీకర్‌కి ఎదురుగా రాకుండా నిలబడటం.

స్లాప్‌ని (తీగను లాగి వదిలి ఫింగర్‌బోర్డ్‌కి కొట్టించే చప్పుడు) వేరే ఛానెల్‌లో పంపండి. బ్రిడ్జి దగ్గర ఒక పియెజో (కంపనాలు పట్టే పికప్) స్వరానికి, ఫింగర్‌బోర్డ్ మీద ఇంకొకటి ‘క్లిక్’కి. క్లిక్ ఛానెల్‌లో 300 హెర్ట్జ్ కిందంతా తీసేసి, 2 నుంచి 3 కిలోహెర్ట్జ్ మధ్య కొంచెం ఇవ్వండి. ఐడిల్‌లో ఉన్న ఇంజన్లకు అక్కడ పెద్దగా బలం లేదు. డ్రమ్ములు లేని తొలి సన్ రికార్డుల్లో బిల్ బ్లాక్ స్లాపే స్నేర్ డ్రమ్ పని చేసింది. ఆరుబయట కూడా జనం కాలు కదిపేది దానికే.

గట్ తీగలైతే (జంతువుల పేగుతో చేసినవి) ఫింగర్‌బోర్డ్ చివర G దగ్గర 8, E దగ్గర 11 మిల్లీమీటర్ల ఎత్తుతో మొదలుపెట్టి చూడండి. మరీ కిందికి దించితే లాగి వదిలినప్పుడు తీగ వేలికి అందదు, స్వరమూ గరగరలాడుతుంది. మరీ ఎత్తైతే 200 బీపీఎం పాట సగంలోనే చెయ్యి అలిసిపోతుంది. గాలిలో తేమ మారగానే గట్ శ్రుతి తప్పుతుంది, ఆరుబయట రెండు పాటలకోసారి చూసుకోవాలి. ఎండలో వాయించేవాళ్లకి సింథటిక్ గట్ మేలు.

మూడుపైపులు

ఫ్లాట్‌హెడ్ శబ్దం గురించి ఒక మాట చేర్చనివ్వండి. రాకబిల్లీ వాళ్లు ఆ ఇంజన్‌నే ఎందుకు ఇష్టపడతారో అందులో ఉంది.

ప్రతి బ్యాంకులో (ఒక వైపు నాలుగు సిలిండర్ల వరస) మధ్య రెండు సిలిండర్లకూ ఒకటే ఎగ్జాస్ట్ పోర్టు. నాలుగు సిలిండర్లకు మూడు పైపులు. ఫైరింగ్ ఆర్డర్ 1-5-4-8-6-3-7-2. కుడి బ్యాంకులో మధ్యవి 2, 3. ఎడమలో 6, 7. క్రాంక్ డిగ్రీల్లో వేసి చూడండి: రెండు వైపులా మధ్య పైపులో 180 డిగ్రీల తేడాతో రెండు దెబ్బలు, తర్వాత 540 డిగ్రీల ఖాళీ. ‘టక్-టక్... టక్-టక్’ అనే ఆ నడక అక్కడిది. ఓవర్‌హెడ్ వాల్వ్ షెవ్రొలేకి ఎంత ఖరీదైన మఫ్లర్ పెట్టినా అది రాదు. వేడెక్కే జబ్బు కూడా అక్కడిదే. ఎగ్జాస్ట్ దారి బ్లాకులోంచి, నీటి జాకెట్‌ని ఒరుసుకుంటూ పోతుంది. రేడియేటర్ మార్చే ముందు బ్లాకులో ఏళ్లుగా పేరుకున్న పోత ఇసుక, తుప్పు కడిగించండి. సెకండ్ హ్యాండ్ బ్లాక్ కొంటే వాల్వ్ సీటుకీ సిలిండర్‌కీ మధ్య పగుళ్లు చూపించే మ్యాగ్నాఫ్లక్స్ (అయస్కాంతంతో చేసే) పరీక్ష చేయించకుండా డబ్బు ఇవ్వకండి.

ఇక సంగీతం కార్లకు ఇచ్చింది కాలపు హద్దు, అంటే బండి ఏ కాలం నాటిదిగా కనిపించాలన్న నియమం. 1980లలో షో కార్లంటే బిల్లెట్ (దిమ్మ నుంచి చెక్కిన) అల్యూమినియం చక్రాలు, పాస్టెల్ రంగులు. రాకబిల్లీ పునరుద్ధరణతో వచ్చిన కుర్రకారు దాన్ని తిరస్కరించి స్టీల్ చక్రాలు, బయాస్-ప్లై (రేడియల్‌కి ముందు కాలపు) టైర్లు, ప్రైమర్ రంగుకి వెళ్లారు. మంచి మార్పే, నేను మనస్ఫూర్తిగా ఆ పక్షమే. కానీ ప్రైమర్ రంగు పేరుతో నిజంగా ప్రైమర్ మీదే బండి తిప్పకండి. మామూలు ప్రైమర్ తేమను పీలుస్తుంది, కింద రేకు నిశ్శబ్దంగా తుప్పు పడుతుంది. ఎపాక్సీ ప్రైమర్ వేసి, పైన మెరుపు తగ్గించిన నల్ల రంగు వేయండి, చూపు అదే. బయాస్-ప్లై టైర్లు రోడ్డు గాడుల వెంట లాగుతాయి. స్టీరింగ్ బాక్సులో ఆట ఉంటే ముందు అది సరిచేయండి.

గట్‌తీగ

ఒకటి మర్చిపోయాను. గిటార్ మీద స్లాప్‌బ్యాక్ ఎకో (వెంటనే ఒక్కసారే తిరిగి వినిపించే ప్రతిధ్వని) వాడేటప్పుడు వేదిక ఎదురుగా ఏముందో చూసుకోండి. సన్‌లో ఆ ఎకో రెండో టేప్ మెషీన్ నుంచి వచ్చేది. రికార్డు హెడ్‌కీ ప్లేబ్యాక్ హెడ్‌కీ మధ్య 2 అంగుళాలు, టేపు వేగం సెకనుకి 15 అంగుళాలు అనుకుంటే 133 మిల్లీసెకన్లు. పెడల్‌లో 120 నుంచి 140, ఒక్కటే రిపీట్. కానీ 22, 23 మీటర్ల దూరంలో గోడో, వరసగా నిలబెట్టిన ట్రెయిలర్లో ఉంటే గాలిలో ధ్వని వెళ్లి రావడానికి పట్టే సమయం కూడా అంతే. రెండూ కలిస్తే అంతా బురద. సౌండ్ చెక్‌లో ముందు పెడల్ ఆపి ఒక్క తీగ గట్టిగా మీటి వినండి, అప్పుడు ఎంత ఎకో ఇవ్వాలో తేల్చుకోండి.