ఇంటర్వ్యూలో అబ్బాయి కుర్చీలో కూర్చునేలోపే "వద్దు" అని తేల్చేస్తున్నారు, ఏం చేయాలి?

గోదారిగట్టు:
మాదాపూర్‌లో ఓ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నా. ఫ్రెషర్లను తీసుకునేటప్పుడు ప్యానెల్‌లో నేనూ మా మేనేజరూ కూర్చుంటాం. మొన్న ఒకబ్బాయి వచ్చాడు, ఊళ్లోంచి పొద్దున్నే బస్సెక్కి నేరుగా వచ్చినట్టున్నాడు, చొక్కా నలిగిపోయి ఉంది, "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అనగానే మాట తడబడింది. కానీ తర్వాత ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌లోంచి సమాచారం అడిగే భాష) ప్రశ్నలు అడిగితే శుభ్రంగా చెప్పాడు, క్వెరీ ఎక్కడ స్లో అవుతుందో మేం అడక్కుండానే చెప్పాడు. మా మేనేజర్ ఏమన్నారో తెలుసా? "బట్టీ పట్టుకుని వచ్చాడు."

వాడి తర్వాత వచ్చినవాడు మంచి షూస్, చిరునవ్వు, గడగడా ఇంగ్లిష్. అదే ప్రశ్నకి సగం చెప్పి ఆగిపోయాడు. దానికేమో "పాపం టెన్షన్ పడ్డాడు, నేర్చుకుంటాడులే". సరిగ్గా చెప్తే బట్టీ, చెప్పకపోతే టెన్షన్! ఇద్దరి విషయంలోనూ తీర్పు మొదటి నిమిషంలోనే అయిపోయింది, మిగతా అరగంటా ఆ తీర్పుకి సాక్ష్యాలు ఏరుకోవడమే. ఇది మా మేనేజర్ ఒక్కరి సమస్యా, అందరిదీనా? దీన్ని ఆపే మార్గం ఏమైనా ఉందా?

హెచ్ఆర్_అక్క:
అందరిదీనండీ. మీ మేనేజర్‌ని ఒక్కర్నీ తిట్టుకోకండి. 1920లోనే థార్న్‌డైక్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ ఈ సంగతి రాశాడు. సైన్యంలో పై ఆఫీసర్లు తమ కింద పనిచేసేవాళ్లకి శరీర దారుఢ్యం, తెలివి, నాయకత్వం, నడవడిక ఇలా విడివిడిగా మార్కులు వేస్తే, ఒకదాంట్లో ఎక్కువ పడ్డవాడికి అన్నింట్లోనూ ఎక్కువే పడుతున్నాయట. మనిషి ధాటిగా కనిపిస్తే తెలివైనవాడు కూడా అయిపోతాడన్నమాట. దీన్నే హేలో ఎఫెక్ట్ అంటారు.

1946లో సోలమన్ ఆష్ అనే ఇంకో సైకాలజిస్ట్ చేసింది ఇంకా సింపుల్. ఒక మనిషి గురించి ఆరు మాటలు చదివి వినిపించాడు: తెలివైనవాడు, కష్టపడేవాడు, ఆవేశపరుడు, తప్పులెంచేవాడు, మొండివాడు, అసూయపరుడు. ఇంకో గుంపుకి ఇవే మాటలు వెనక నుంచి ముందుకు చదివాడు. మొదటి గుంపుకి ఆ మనిషి కొన్ని లోపాలున్నా సమర్థుడిలా కనిపించాడు, రెండో గుంపుకి ఆ లోపాల వల్లే పైకి రాలేకపోయినవాడిలా కనిపించాడు. మాటలు అవే, వరస మారిందంతే. మీ దగ్గర జరిగిందీ ఇదే. "తడబాటు" ముందొచ్చింది కాబట్టి తర్వాత వచ్చిన మంచి జవాబు "బట్టీ" అయింది.

నేనైతే ఆ "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్"ని ముందు తీసేయమంటాను. ఆ ప్రశ్నతో వాడి గురించి తెలిసేదేమీ ఉండదు, మన మూడ్ సెట్ అవ్వడం తప్ప.

శివయ్య_కొడుకు:
ఒక్క నిమిషం, నేను ఒప్పుకోను. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలంటారు కదా. నేను సేల్స్‌లో చాలా ఏళ్లుగా ఉన్నా, మనిషి లోపలికి నడిచొచ్చే తీరు చూసి చెప్పేస్తా. పైగా మా దగ్గర కస్టమర్ కూడా మొదటి నిమిషంలోనే తేల్చుకుంటాడు, అప్పుడు నేను చూడాల్సింది అదే కదా? ఫస్ట్ ఇంప్రెషన్‌ని తిట్టడం ఈమధ్య ఫ్యాషన్ అయిపోయింది.

లెక్చరర్_రిటైర్డ్:
శివయ్య_కొడుకు గారూ, సేల్స్ వరకు మీ మాట కొంత నిజమే, అక్కడ ఆ మొదటి నిమిషమే ఉద్యోగం. కానీ మెతుకులన్నీ ఒకే గిన్నెలో ఒకే మంట మీద ఉడుకుతాయి. మనిషి మాటతీరు, వాడి ఎస్‌క్యూఎల్ ఒకే గిన్నెలో ఉడకలేదు. ఇక "చూసి చెప్పేస్తా" అన్నారే, 2006లో విల్లిస్, తొదొరోవ్ అనే ఇద్దరు సైకాలజిస్టులు జనానికి ముఖాల ఫొటోలు సెకనులో పదో వంతు సేపు చూపించి, నమ్మదగ్గవాడా, సమర్థుడా అని అడిగారు. తీరిగ్గా చూసినవాళ్లు ఇచ్చిన తీర్పులకీ వీటికీ చాలా దగ్గరి పోలిక ఉంది. ఇంకాస్త టైమ్ ఇస్తే ముఖ్యంగా పెరిగింది ఏంటో తెలుసా, తమ తీర్పు మీద నమ్మకం! మన అనుభవం కూడా చాలాసార్లు ఇదే పని చేస్తుందేమో ఆలోచించండి.

నేను పేపర్లు దిద్దినవాణ్ణి కాబట్టి ఆ వైపు నుంచి చెప్తాను. ఇంటర్ స్పాట్ వాల్యుయేషన్‌లో రోల్ నంబరున్న ముక్క తీసేసి కోడ్ వేసి ఇస్తారు, ఎవరి పేపరో తెలీదు. అయినా చేతిరాత తెలుస్తుందిగా. అందుకే ప్రతి కాలేజీలోనూ పిల్లలకి "మొదటి పేజీ కొట్టివేతల్లేకుండా రాయండిరా" అని నూరిపోస్తాం, బాగా వచ్చిన జవాబు ముందు రాయమంటాం. డేనియల్ కానెమన్ అనే సైకాలజిస్ట్ తను దిద్దిన స్టూడెంట్ల పేపర్ల గురించి ఇదే రాశాడు: మొదటి వ్యాసానికి మంచి మార్కులు వేస్తే రెండో దాంట్లో తప్పుల్ని చూసీచూడనట్టు వదిలేస్తున్నానని గమనించి, అందరి మొదటి ప్రశ్న దిద్దాకే రెండో ప్రశ్నకి వెళ్లడం మొదలుపెట్టాడు.

ఆయనే 1950ల్లో, ఇరవై దాటీదాటని వయసులో, ఇజ్రాయెల్ సైన్యానికి ఇంటర్వ్యూ పద్ధతి మార్చి ఇచ్చాడు. ఆరు లక్షణాలు, ఒక్కోదానికీ ముందే రాసిపెట్టుకున్న ప్రశ్నలు, ఒకదానికి మార్కు వేశాకే ఇంకోదానికి వెళ్లాలి. ఇంటర్వ్యూ చేసేవాళ్లు మమ్మల్ని రోబోల్ని చేస్తున్నావని గొడవపెట్టారు. సరే, ఆఖర్న కళ్లు మూసుకుని, ఈ కుర్రాడు సైనికుడిగా ఎలా ఉంటాడో ఊహించుకుని ఒక మార్కు వేయండి అన్నాడు. తీరా చూస్తే ఆ ఊహ మార్కు కూడా ఆరు మార్కుల మొత్తానికి ఏమాత్రం తీసిపోకుండా పనిచేసింది! అంటే మన మనసు చెప్పేది పనికిరాదని కాదు శివయ్య_కొడుకు గారూ, దాన్ని ముందు మాట్లాడనివ్వకూడదు, అంతే.

ఓరుగల్లు_కుర్రోడు:
గోదారిగట్టు అన్నా, ఆ నలిగిన చొక్కా బ్యాచ్ నేనే అనుకో. అందుకే మా వాళ్లంతా గవర్నమెంట్ జాబ్స్ వైపు పోతున్నరు. సెంట్రల్‌లో గ్రూప్ సి, డి, నాన్ గెజిటెడ్ బి పోస్టులకి 2016 జనవరి నుంచి ఇంటర్వ్యూల్లేవు, మన తెలంగాణలో 2022లో గ్రూప్ 1కి కూడా తీసేసిన్రు. యూపీఎస్సీ సివిల్స్‌లో మాత్రం మొత్తం 2025 మార్కులైతే అందులో 275 ఇంటర్వ్యూకే. ఓఎంఆర్ షీట్‌కి నా చొక్కా కనిపించదు, నా యాస వినిపించదు. ప్రైవేట్‌లో కూడా ముందు కోడ్ రాయించి, అది చూశాకే మనిషిని లోపలికి పిలిస్తే ఏం పోతది?

గోదారిగట్టు:
తమ్ముడూ, ఇది నచ్చింది. టెస్ట్ పేపర్ మీద పేరు, కాలేజీ లేకుండా మేం దిద్దితే చాలావరకు తేలిపోతుంది. కానీ మా మేనేజర్ నాకంటే బాగా సీనియర్, "సార్, మీకు బయాస్ ఉంది" అంటే నా అప్రైజల్ గోవిందా. ఎలా చెప్పాలి?

హెచ్ఆర్_అక్క:
చెప్పొద్దు! బయాస్ అన్న మాటే ఎత్తకండి. "సార్, ఆడిట్ కోసం రికార్డు ఉంటే మంచిది" అని ఒక షీట్ పట్టుకెళ్లండి. నాలుగైదు ప్రశ్నలు, అందరికీ అవే, అదే వరసలో, ప్రతిదాని పక్కన మార్కు గడి. జవాబు అవ్వగానే ఇద్దరూ విడివిడిగా వేయాలి, షీట్లు మార్చుకునేదాకా క్యాండిడేట్ గురించి ఒక్క ముక్క మాట్లాడుకోకూడదు. ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే సీనియర్ ముందు నోరు విప్పితే మీ మార్కు కూడా అటే జరుగుతుంది.

గోదారిగట్టు:
షీట్‌లో "కమ్యూనికేషన్" గడి పెట్టమంటారు ఆయన, ఖాయం.

హెచ్ఆర్_అక్క:
వచ్చేవాడు మొదటి ఏడాదిలో క్లయింట్‌తో మాట్లాడాలా? మాట్లాడాలంటే పెట్టండి, కానీ ఆఖరి గడిగా. ఇంగ్లిష్ ధాటి కాదు, తను రాసిన కోడ్ ఎదుటివాడికి అర్థమయ్యేలా చెప్పాడా లేదా అన్నదానికే మార్కు అని పక్కనే రాసి పెట్టండి. తెలుగులో చెప్పినా సరే.