డిసెంబర్‌లో నల్లమల ఫోటోలు: ఆకులు రంగు మారకపోతే ఏం తీయాలి?

దేవరకొండ_కెమెరా:
అందరికీ నమస్తే. కార్తీకం అయిపోయాక శ్రీశైలం రోడ్డు మీది మన్ననూరు వైపు అడవి ఫోటోలకు పోదామనుకుంటున్నా. బయటి దేశాల వాళ్ళ ఫోటోలు చూస్తే ఆకు రాలే కాలంలో అడవంతా ఎరుపు, పసుపు. మన దగ్గర సగం పచ్చ, సగం మట్టి రంగు, పైన తెల్లటి ఆకాశం. ఫోటోలో కన్ను ఎక్కడా ఆగదు. 18-55, 55-250 లెన్సులు, ట్రైపాడ్ ఉన్నాయి. ఏ టైంకి పోవాలి, ఏం వెతకాలి?

అచ్చంపేట_పెద్దన్న:
తమ్మీ, ఆ రంగులే కావాలంటే సంక్రాంతి దాటాక రా. మన అడవి ఆకు రాల్చేది చలికి కాదు, నేలలో తడి ఆరిపోయి. డిసెంబర్‌లో ఆ తడి ఇంకా ఉంటుంది. నల్లమద్ది, తిరుమాను చెట్లు మాఘంలో గానీ బోసిపోవు.

ఇప్పుడు పైకి చూడకు, కిందికి చూడు. బోదగడ్డి ఎండి ఉంటుంది, పొద్దున్నే దాని మీద మంచు. ఎండకు ఎదురుగా నిలబడి తీయి. టేకాకులను పురుగు తినేసి ఉత్త ఈనెలు మిగిల్చి ఉంటుంది, వాటిలోంచి వెలుగు పడితే చాలు. నన్నడిగితే ఎర్రటి ఆకుల కన్నా అదే బాగుంటుంది.

18-55 బ్యాగులోనే ఉండనీ. రెండో లెన్సును 150 mm దాటించి జూమ్ చేసి, ఆకాశం రాకుండా కాండాలు మాత్రమే పట్టు. నల్లమద్ది బెరడు మొసలి వీపులా నల్లగా పగిలి ఉంటుంది, పక్కనే తిరుమాను నున్నగా, బూడిద తెలుపు. ఆ రెండూ ఒకే ఫ్రేములో దొరికితే ఇంకేం కావాలి?

వైట్ బ్యాలెన్స్ (కెమెరాలో రంగులు సరిచేసే సెట్టింగ్) ఆటోలో పెట్టకు, పొద్దుటి పసుపంతా తీసేస్తుంది. డేలైట్‌లో ఉంచు. మంచు ఉంటే ఎక్స్‌పోజర్ కొంచెం పెంచు, లేకపోతే బూడిద రంగులో వస్తుంది.

పాలమూరు_క్లిక్:
అన్న చెప్పినదానికి తోడు ఒక పోలరైజర్ (లెన్సు ముందు బిగించే ఫిల్టర్) కొనుక్కోండి. తడి ఆకుల మీద తెల్లటి మెరుపు పోయి అసలు రంగు బయటపడుతుంది. కానీ వైడ్ లెన్సు (18-55) వద్దనడం నాకు నచ్చలేదు. ఫరహాబాద్ వ్యూ పాయింట్ దగ్గర అదే కావాలి కదా!

అచ్చంపేట_పెద్దన్న:
అక్కడ పది దాటితే మసక తప్ప ఏం కనిపిస్తుందయ్యా? సరే, తీసుకుపోనీ, బరువేం కాదు.

టైం సంగతి మర్చిపోయా. శ్రీశైలం రోడ్డు మీద చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసి ఉంటుంది. డిసెంబర్ మధ్యలో సూర్యుడు వచ్చేది ఆరున్నర దాటాకే, కాబట్టి గేటు తీసేసరికి అక్కడుంటే టెన్షన్ లేదు. అది టైగర్ రిజర్వు, ఎక్కడపడితే అక్కడ బండి ఆపి లోపలికి నడవకు. డ్రోన్ అసలే వద్దు.

దేవరకొండ_కెమెరా:
థ్యాంక్స్ అన్నా. దారిలో చెంచు పెంటలు (చెంచుల గూడేలు) కనిపిస్తే తీయొచ్చా?

అచ్చంపేట_పెద్దన్న:
అడిగి తీయి. వద్దంటే కెమెరా దించేయి, బేరాలాడకు. ముందురోజు రాత్రే మన్ననూరు వచ్చి పడుకో. అటవీ శాఖ కాటేజీలున్నాయి, శని ఆదివారాలైతే ముందే బుక్ చేసుకోవాలి.