అప్‌డేట్: తాతయ్య పైపు కాడ మళ్లీ నల్లగా మెరుస్తోంది

మా తాతయ్య పొగాకు పైపు కాడ (నోట్లో పెట్టుకునే భాగం) ఆకుపచ్చగా, గోధుమరంగుగా మారిపోయింది, పాడవకుండా ఎలా మెరిపించాలి అని కిందటి నెల అడిగాను కదా. అది ఎబొనైట్ అని మీరు చెప్పింది నిజమే. అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు. వెలుతురు, గాలి తగిలి పైపొర అలా అవుతుందట. నీళ్లతో రుద్దగానే కాలిన రబ్బరు వాసన గుప్పుమంది!

ఒక పొరపాటు చేశాను. ముందే 400, 600, 1000 నంబరు వాటర్ పేపర్లతో (తడిపి వాడే గరుకు కాగితాలు) రుద్ది మెరిపించేశాను. తర్వాత పంటిగాట్లు గుర్తొచ్చి మరిగే నీళ్లలో ముంచాను. గాట్లు చాలావరకు పైకి లేచాయి కానీ కాడంతా మళ్లీ గోధుమరంగే. ముందు వేడి, తర్వాత రుద్దుడు అన్నమాట. వంపు కాడ అయితే ఎక్కువసేపు ముంచకండి, వంపు తిన్నగా అయిపోతుంది. నాది కొంచెం అయింది, మళ్లీ వేడి చేసి వంచుకున్నాను.

మా పర్లాకిమిడిలో కొమ్ము బొమ్మలు చేసే పెద్దాయన "ఇలా ఇవ్వు బాబూ, మోటారు మీద నిమిషంలో మెరుస్తుంది" అన్నారు. వద్దన్నాను. మోటారు రాపిడి వేడికి రబ్బరు మెత్తబడితే అంచులు పోతాయి. ఆయన దగ్గర పాత గుడ్డ ముక్క మాత్రం తెచ్చుకున్నా. కాడను మళ్లీ పేపర్లతో రుద్ది, 2000 పేపరు తర్వాత కాస్త ఆలివ్ నూనె రాసి దాంతోనే తుడిచాను.

పైపు గిన్నె (పొగాకు నింపే భాగం) వైపు దూరే కాడ కొనను అసలు రుద్దలేదు, వదులైతే అతకదు. కాడ మీది చిన్న ముద్ర మాత్రం సగం చెరిగింది. దాని మీద టేపు అంటించి ఉండాల్సింది.