విజయ మందుల డీలర్‌షిప్ తీసుకోవచ్చా? లైసెన్సులు, రిజిస్టర్ల సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

అంబాజీపేట కుర్రోడు:
అందరికీ నమస్కారమండి. కొబ్బరితో పాటు ఇంకో వ్యాపారం చూసుకుందామని ఉంది. ఉత్తరాది కంపెనీ ఒకటి 'విజయ' ఆయుర్వేద నూనె, మాత్రలకి కోనసీమ డీలర్‌షిప్ ఇస్తామంటోంది. విజయ అంటే గంజాయి మొక్క ఆకు. నిద్రకీ నొప్పులకీ పనిచేస్తుందట. ఆయుర్వేదం కాబట్టి లైసెన్సే అక్కర్లేదని ఏజెంటు అంటున్నాడు. డిపాజిట్ కట్టమని ఒకటే ఫోన్లు. ఇంట్లో అమ్మకైతే ఆ మొక్క పేరు వింటేనే టెన్షన్. నిజంగా లైసెన్సు అక్కర్లేదా?

పాలకొల్లు మందులషాపు:
ఏజెంటు సగమే చెప్పాడు తమ్ముడూ. మా ఫారం 20, 21 లాంటి అమ్మకం లైసెన్సు ఆయుర్వేదానికి అడగరు, అంతవరకు నిజం. కానీ తయారు చేసేవాడికి ఆయుర్వేద తయారీ లైసెన్సు, అంటే ఫారం 25-డి ఉండి తీరాలి. పైగా విజయ షెడ్యూల్ ఇ(1)లో ఉంది. అది విషద్రవ్యాల జాబితా. వైద్య పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ఇంగ్లిషులోనూ హిందీలోనూ డబ్బా మీద ఉండాలి. ముందు ఒక డబ్బా ఫొటో తెప్పించుకుని చూడు. ఆ హెచ్చరిక లేకపోతే అక్కడితో ఆపెయ్.

మా దగ్గర ఆందోళనకిచ్చే ఆల్ప్రజోలం, నొప్పికిచ్చే ట్రమడాల్ లాంటివి షెడ్యూల్ హెచ్1 కిందకొస్తాయి, అంటే డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన మందుల జాబితా. 2014 మార్చి నుంచి వాటికి వేరే రిజిస్టరు. డాక్టరు పేరు, అడ్రసు, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చామో రాసి మూడేళ్లు దాచాలి. ట్రమడాల్‌ని 2018లో ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మత్తుమందుల చట్టం కిందకీ తెచ్చారు. తనిఖీకి వచ్చినవాళ్లు మొదట చూసేది కొన్న బిల్లు, రిజిస్టరు, బీరువాలో సరుకు కలుస్తున్నాయా అనే. రెండు స్ట్రిప్పులు తేడా వచ్చినా ఇక ఆ రోజు షాపు నడిచినట్టే! విజయకి ఈ రిజిస్టరు పెట్టమని ఎవరూ అడగకపోవచ్చు. అయినా చీటీ జిరాక్సుతో సహా పెట్టుకోమనే చెబుతా.

కాకినాడ ప్లీడరు:
1985 ఎన్‌డీపీఎస్ చట్టంలో గంజాయి అంటే మొక్క పూత తలలు, కాయ తలలు. వాటితో కలవకుండా విడిగా ఉన్న ఆకు, గింజ ఆ నిర్వచనంలోకి రావు. ఆకు సంగతి రాష్ట్రాల ఎక్సైజ్ చట్టాలు చూసుకుంటాయి. విజయ మందులు నిలబడింది ఈ సందులోనే. అందుకే మీరు అడగాల్సిన అసలు ప్రశ్న, ఆ నూనె మొక్కలో ఏ భాగం నుంచి తీశారన్నది. బంక నుంచి చిక్కగా తీసినది హషీష్ నూనె, చట్టం దాన్ని చరస్‌తో (అంటే ఆ మొక్క బంకతో) కలిపే చూస్తుంది. చరస్‌లో కిలో అంటేనే వాణిజ్య పరిమాణం, గంజాయికైతే అది 20 కిలోలు. వాణిజ్య పరిమాణం కేసుకి కనీస శిక్ష పదేళ్లు. సరుకు మీ గోడౌన్లో దొరికితే దానికి సంజాయిషీ చెప్పుకోవాల్సింది మీరు, ఏజెంటు కాదు.

కాబట్టి కంపెనీ నుంచి తయారీ లైసెన్సు కాపీ, ఆకు ఏ రాష్ట్రం ఎక్సైజ్ అనుమతితో కొన్నారో ఆ కాగితం, బ్యాచ్ వారీగా ల్యాబ్ రిపోర్టు తెప్పించండి. అవి చేతికొచ్చాక జిల్లా ఎక్సైజ్ ఆఫీసులో రాతపూర్వకంగా అడిగి, జవాబు కూడా రాతలోనే తీసుకోండి. ఇంకోటి, వాట్సాప్ స్టేటస్‌లో "క్యాన్సర్, షుగర్, మూర్ఛ నయం" అని పెట్టారో 1954 మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద కేసు. ప్రకటన కంపెనీ చేసిచ్చినా, జనంలోకి పంపింది మీరే అవుతారు.

టొరంటో గోదారోడు:
మాది రాజోలు. ఇక్కడ లైసెన్సున్న గంజాయి కంపెనీలో క్వాలిటీ విభాగంలో చేస్తున్నా. 2018 అక్టోబరు 17న కెనడా గంజాయి చట్టం అమల్లోకి వచ్చింది. సాగుకి ఒక లైసెన్సు, ప్రాసెసింగ్‌కి ఇంకోటి, రోగులకి అమ్మడానికి మరొకటి. ముఖ్యమైన పదవుల్లో ఉన్నవాళ్లకి సెక్యూరిటీ క్లియరెన్స్ ఉండాలి. నెల తిరిగాక 15వ తేదీలోపు ఎంత పండింది, ఎంత అమ్మింది, ఎంత ధ్వంసం చేసింది హెల్త్ కెనడాకి లెక్క పంపాలి. పారేసే ఆకుని కూడా తూకం వేసి సాక్షుల ముందు ధ్వంసం చేస్తాం. మా ఆఫీసులో మొక్కల కంటే ఫైళ్లు ఎక్కువ, ఒట్టు! ఇంత చూశాక, లైసెన్సు అక్కర్లేదని చెప్పి అమ్మేవాడంటే నాకు నమ్మకం కుదరడం లేదు.

భీమవరం చెరువులు:
మాకు ఇదేం కొత్త కాదండి. రొయ్య పట్టే ముందే ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ) ల్యాబ్‌లో యాంటీబయాటిక్ పరీక్ష చేయించి సర్టిఫికెట్ తెచ్చుకుంటాం. అది లేకపోతే ఎక్స్‌పోర్ట్ కంపెనీ మన సరుకు వైపు చూడదు. అడిగిన కాగితం ఇవ్వనివాడి దగ్గర మేత కూడా కొనను నేను.

అంబాజీపేట కుర్రోడు:
ప్లీడరు గారు చెప్పినవన్నీ రాసి ఏజెంటుకి పంపానండి. "సార్, ముందు బుకింగ్ చేసుకోండి, పేపర్స్ తర్వాత" అని వచ్చింది. డిపాజిట్ కట్టట్లేదు. వేరే కంపెనీ కాగితాలు చూపిస్తే మళ్లీ అడుగుతా.

ముమ్మిడివరం:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా మావయ్య గారికి క్యాన్సర్. రాత్రిళ్లు నొప్పికి ఓర్చుకోలేకపోతున్నారు. టొరంటో అన్నా, సంక్రాంతికి వచ్చేటప్పుడు అక్కడి నూనె ఒక సీసా తేగలవా? డబ్బు ముందే పంపిస్తా.

టొరంటో గోదారోడు:
తేలేను అన్నా, తప్పుగా అనుకోకు. డాక్టరు చీటీ ఉన్నా సరే, కెనడా సరిహద్దు దాటిస్తే ఇక్కడ నేరం. అక్కడ దిగితే ఎన్‌డీపీఎస్ కేసు.

రాజమండ్రి డాక్టరు:
ముమ్మిడివరం గారూ, ఆ నూనె కోసం ఆగకండి. క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ మాత్రలు మన దగ్గర చట్టప్రకారమే దొరుకుతాయి. 2014లో ఎన్‌డీపీఎస్ చట్టం సవరించి, మార్ఫిన్ లాంటి ఆరు మందులకి ఆసుపత్రులు రకరకాల లైసెన్సుల కోసం తిరగక్కర్లేకుండా చేశారు. డ్రగ్స్ కంట్రోల్ శాఖ గుర్తింపు ఉంటే చాలు. అందుకే మామూలు మెడికల్ షాపుల్లో వెతికి లాభం లేదు. క్యాన్సర్ వైద్యం చేస్తున్న డాక్టరునే, దగ్గర్లో గుర్తింపు ఉన్న ఆసుపత్రి ఏదో, పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే వైద్యం) ఎక్కడుందో అడగండి. బయాప్సీ రిపోర్టు, పాత చీటీలు వెంట తీసుకెళ్లండి. మార్ఫిన్‌తో మలబద్ధకం తప్పదు కాబట్టి విరేచనం మందు కూడా అదే చీటీలో రాయించుకోండి.